తలనొప్పికి గంజాయి: తేలిందెంత, తేలాల్సిందెంత

మైగ్రేన్‌కు గంజాయి పనిచేస్తుందట అన్న మాట తెలుగునాట ఇప్పుడు మూడు దిక్కుల నుంచి వినిపిస్తోంది. అమెరికాలో ఉన్న బంధువులు అక్కడి దుకాణాల్లో బాహాటంగా అమ్మే నూనెల సంగతి చెబుతారు. ఆయుర్వేదంలో ‘విజయ’ అని పిలిచే గంజాయి మొక్క ఆకు సారంతో చేసిన చుక్కల మందు ప్రకటనలు ఫోన్లో కనిపిస్తాయి. అదే ఫోన్లో కాసేపటికి 44వ నంబరు జాతీయ రహదారి మీద గంజాయి పట్టుబడిందన్న వార్త వస్తుంది. నిజామాబాద్ జిల్లాలో ఆర్మూరు, డిచ్‌పల్లి మధ్య ఆ రహదారి పోయే మండలమే జక్రాన్‌పల్లి. అక్కడ తలనొప్పితో బాధపడే మనిషికి ఒకే మొక్క మందుగానూ మత్తుగానూ నేరంగానూ ఎదురవుతోంది.

ఈ చర్చ ఇంతగా ముడిపడటానికి కారణం, మూడు వేర్వేరు ప్రశ్నలను ఒకటిగా కలిపి అడగడం. గంజాయి మైగ్రేన్‌ను తగ్గిస్తుందా? మన చట్టం ఒప్పుకుంటుందా? ప్రమాదం లేకుండా వాడే పద్ధతి ఉందా? మొదటిదానికి శాస్త్రం, రెండోదానికి శాసనం జవాబు చెప్పాలి. మూడోదానికి వైద్యుడూ రోగీ మందూ ఒకచోట కలవాలి. విడదీసి చూస్తే మూడు ప్రశ్నలూ చివరికి మోతాదు దగ్గరకే వచ్చి ఆగుతాయి.

## జబ్బు ఎంత పెద్దది

మైగ్రేన్ మామూలు తలనొప్పి కాదు. ఎక్కువ మందిలో తలకు ఒక పక్క పోటు, దానితో వికారం, వెలుతురూ చప్పుడూ భరించలేకపోవడం, నడిస్తే నొప్పి పెరగడం ఉంటాయి. మందు వేసుకోకపోతే 4 గంటల నుంచి 72 గంటల దాకా సాగవచ్చు. కొందరికి నొప్పికి ముందు కళ్ల ముందు మెరుపు గీతలు కనిపిస్తాయి, దీన్ని ‘ఆరా’ అంటారు. ప్రపంచంలో వంద కోట్ల మందికి పైగా దీని బాధితులని అంచనా. పక్కనే ఉన్న కర్ణాటకలో బెంగళూరు పరిసరాల్లో జరిగిన సర్వే, పెద్దవాళ్లలో ఏడాది కాలంలో 25.2 శాతం మందికి మైగ్రేన్ వచ్చినట్టు 2015లో తేల్చింది. మగవాళ్ల కంటే ఆడవాళ్లలో ఇది రెండు మూడు రెట్లు ఎక్కువ.

ఆకలి, నిద్ర చాలకపోవడం, ఎండ, నెలసరి దీన్ని రేపుతాయి. మెడ వంచి గంటల తరబడి బీడీలు చుట్టే ఆడవాళ్లూ, పసుపు ఉడకబెట్టే రోజుల్లో వేళకు తినకుండా పనిచేసే కూలీలూ ఉన్న జిల్లా నిజామాబాద్. ఇక్కడ ‘తలకాయ నొస్తుంది’ అనగానే మందుల దుకాణం నుంచి ఒక బిళ్ల తెచ్చుకోవడంతో వైద్యం మొదలవుతుంది, చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది.

## కలకత్తా నుంచి లండన్‌కు, అక్కడి నుంచి నిషేధానికి

ఆయుర్వేదం భంగును శతాబ్దాలుగా ఎరుగును. అరుగుదల, నిద్ర, నొప్పి సంబంధమైన యోగాల్లో, శుద్ధి చేసిన తరువాత, ఇతర ద్రవ్యాలతో కలిపి వాడారు. సగం తలలో వచ్చే నొప్పిని అర్ధావభేదకం పేరుతో వేరే జబ్బుగానూ గుర్తించారు.

పాశ్చాత్య వైద్యానికి ఈ మొక్కను గట్టిగా పరిచయం చేసింది కలకత్తా మెడికల్ కాలేజీలో పనిచేసిన విలియం బ్రూక్ ఓషానెస్సీ. 1839లో ఆయన ధనుర్వాతం, కీళ్లవాతం, మూర్ఛ లాంటి జబ్బుల్లో గంజాయి వాడకాన్ని గ్రంథస్థం చేశాడు. మైగ్రేన్‌కు వాడటం ఆ తరువాత బ్రిటన్, అమెరికా వైద్యుల చేతిలో పెరిగింది. నరాల వైద్యంలో పేరున్న విలియం గవర్స్ దీన్ని సిఫారసు చేశాడు. 1892లో వెలువడిన తన వైద్య పాఠ్యగ్రంథంలో విలియం ఆస్లర్, మైగ్రేన్‌కు ఉన్న మందుల్లో బహుశా ఇదే ఎక్కువ తృప్తికరమైనదని రాశాడు. దాదాపు అదే కాలంలో, 1893–94లో, బ్రిటిష్ ప్రభుత్వం వేసిన ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ మితమైన వాడకం వల్ల పెద్ద హాని కనబడలేదనీ, పూర్తి నిషేధం కంటే నియంత్రణ మేలనీ తేల్చింది.

ఇంత పేరు తెచ్చుకున్న మందు ఎందుకు వెనకబడింది? చట్టం రాకముందే వైద్యులకు దీనితో విసుగు మొదలైంది. గంజాయి సారం నీళ్లలో కరగదు కాబట్టి సూదిమందుగా పనికిరాలేదు. ఒక సీసా బలం మరో సీసాకు ఉండేది కాదు. ఒక రోగికి చాలిన చుక్కలు ఇంకో రోగికి చాలేవి కావు, లేదా మరీ ఎక్కువయ్యేవి. ఈలోగా తూకం కచ్చితంగా ఉండే ఆస్పిరిన్ 1899లో బజారుకు వచ్చింది. ఆ తరువాత 1937లో అమెరికా పన్ను చట్టం, 1942లో ఆ దేశపు ఔషధకోశం నుంచి తొలగింపు, 1961లో ఐక్యరాజ్యసమితి ఒప్పందం వరుసగా వచ్చాయి. మోతాదు కుదరక వైద్యులు పక్కనపెట్టిన మందును నిషేధం పూర్తిగా కనుమరుగు చేసింది.

మళ్లీ తలుపు తెరుచుకున్నది 1996లో. కాలిఫోర్నియా ప్రజాభిప్రాయ సేకరణలో గెలిచిన ప్రొపొజిషన్ 215, వైద్యానికి గంజాయి వాడదగిన జబ్బుల్లో మైగ్రేన్‌ను పేరుపెట్టి చేర్చింది. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్ అత్యంత ప్రమాదకరమైన పదార్థాల జాబితా నుంచి గంజాయిని 27–25 ఓట్లతో తొలగించింది. తొలగించాలని ఓటేసిన దేశాల్లో భారత్ ఒకటి.

## మన చట్టంలో ఎక్కడుంది

1985 నాటి మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం (ఎన్‌డీపీఎస్) మొక్కలోని భాగాలను బట్టి నడుస్తుంది. పూత, కాయ ఉన్న కొసలు గంజాయి. జిగురు చరస్. కొసలు లేకుండా విడిగా ఉన్న ఆకూ గింజా ఈ నిర్వచనంలోకి రావు. అందుకే ఆకుతో చేసే భంగు కేంద్ర చట్టానికి బయట మిగిలింది, అయితే రాష్ట్రాల ఎక్సైజ్ చట్టాలు దాన్ని వదలలేదు. 2021లో ఆహార భద్రతా సంస్థ జనపగింజను ఆహారంగా గుర్తించింది. గింజల నూనెలో నొప్పి తగ్గించే పదార్థం దాదాపు ఉండదన్న సంగతి కొనేవాళ్లలో చాలామందికి తెలియదు.

‘నొప్పి కోసమే తాగాను’ అన్న మాటకు ఈ చట్టంలో మినహాయింపు లేదు. కిలో లోపు గంజాయి దగ్గర ఉంటే ఏడాది వరకు జైలు, పదివేల వరకు జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు దాటితే కనీసం పదేళ్లు. వాడినందుకు ఆరు నెలల దాకా. పెరట్లో మొక్క పెంచినా సాగు కిందే లెక్క, దానికి పదేళ్ల వరకు పడవచ్చు. వ్యసనపరుడు తనంత తానే చికిత్సకు వస్తే 64ఏ సెక్షన్ కొంత రక్షణ ఇస్తుంది.

అదే చట్టం వైద్య, శాస్త్ర అవసరాలకు చోటు ఉంచింది. మార్ఫిన్ కూడా మాదకద్రవ్యమే. 2014 సవరణతో అత్యవసర మాదక ఔషధాలకు దేశమంతటికీ ఒకే నియమావళి వచ్చింది. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో మార్ఫిన్ రాతపూర్వకమైన లెక్కతో రోగికి అందుతోంది. గంజాయికి అలాంటి దారి పడకపోవడానికి చట్టం ఒక్కటే కారణం కాదు. మార్ఫిన్‌కు మిల్లీగ్రాముల్లో కొలిచిన బిళ్ల ఉంది. మైగ్రేన్‌కు ఆమోదం పొందిన గంజాయి బిళ్ల మన దేశంలో లేదు.

## మూడు వాదాలు

మొక్కను నమ్మేవారు. శరీరంలోనే గంజాయి తరహా రసాయనాలు తయారవుతాయనీ, అవి తక్కువైన వారికి మైగ్రేన్ వస్తుందనీ 2000ల మొదట్లో ఈథన్ రూసో అనే నరాల వైద్యుడు ప్రతిపాదించాడు. దీర్ఘకాల మైగ్రేన్ రోగుల వెన్నుద్రవంలో అలాంటి ఒక రసాయనం తక్కువగా ఉందని 2007లో ఇటలీ పరిశోధకులు చూపారు. లోటును బయటి నుంచి పూడ్చడంలో తప్పేముందన్నది వీరి వాదం.

ఆయుర్వేద పక్షం. వీరి దృష్టిలో విజయ కొత్త మందు కాదు. ఔషధ నియమాల్లోని ఇ(1) షెడ్యూలు భంగును విషద్రవ్యాల పట్టికలో చేర్చి, వైద్య పర్యవేక్షణలోనే వాడాలని లేబుల్ మీద రాయమంటుంది. ఆకు సారంతో చేసిన చుక్కలు ఆయుష్ లైసెన్సుతో, వైద్యుడి చీటీ మీద అమ్ముడవుతున్నాయి. చట్టబద్ధత ఈ పక్షం బలం. అయితే సంప్రదాయ యోగాల్లో శుద్ధి చేసి కొద్దిగా కలిపిన ఆకుకూ, ఇప్పుడు గాఢంగా తీసిన సారానికీ తేడా ఉంది. శాస్త్రగ్రంథంలో ఉన్న అనుభవం మొత్తంగా కొత్త సీసాకు వర్తించదు.

వేచి చూద్దామనే వైద్యులు. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2021లో, నొప్పికి గంజాయి పదార్థాలను సమర్థించేంత నాణ్యమైన ఆధారాలు లేవని ప్రకటించింది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2019లోనే దీర్ఘకాల నొప్పులకు గంజాయిలో మత్తు ఎక్కించే టీహెచ్‌సీ ఇవ్వవద్దంది. పరిశోధన వద్దని వీరూ అనరు. పరీక్షలు ముగియకముందే అమ్మకం మొదలుకావడం మీదనే వీరి అభ్యంతరం.

## రుజువులు ఏమంటున్నాయి

మత్తు ఎక్కించేది టీహెచ్‌సీ, మత్తు లేనిది సీబీడీ. అధ్యయనాలన్నీ ఈ రెంటి చుట్టూ తిరుగుతాయి.

2016లో కొలరాడోలో 121 మంది రోగుల పాత రికార్డులు చూస్తే, నెలకు సగటున 10.4 సార్లు వచ్చే మైగ్రేన్ గంజాయి వాడాక 4.6కు తగ్గింది. 2020లో ఒక ఫోన్ యాప్‌లో వాడకందారులు నమోదు చేసిన వివరాలను విశ్లేషిస్తే, పీల్చిన తరువాత నొప్పి తీవ్రత దాదాపు సగానికి పడింది. వినడానికి గొప్పగా ఉన్న ఈ రెండింటిలోనూ పోల్చి చూడటానికి ఉత్తుత్తి మందు తీసుకున్న బృందం లేదు. ఫలితం కనబడనివాళ్లు యాప్‌లో రాయడం మానేసి ఉండవచ్చు కూడా. పైగా కాలం గడిచేకొద్దీ మోతాదు పెంచుకుంటూ పోయారని యాప్ అధ్యయనమే చెప్పింది.

ఈ లోటును కొంత తీర్చింది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌డియాగో శాఖ పరీక్ష. 2024లో ఫలితాలు బయటపెట్టారు. 92 మంది, ఒక్కొక్కరికి వేర్వేరు నొప్పి దాడుల్లో నాలుగు రకాల ఆవిరి: 6 శాతం టీహెచ్‌సీ, 11 శాతం సీబీడీ, రెండూ కలిసినది, ఏదీ లేనిది. రెండు గంటల తరువాత కలిపిన రకంతో 67 శాతం దాడుల్లో ఉపశమనం కనిపించింది, ఉత్తుత్తి ఆవిరితో 47 శాతం. నొప్పి పూర్తిగా పోయింది 35 శాతంలో, ఉత్తుత్తితో 16 శాతంలో. సీబీడీ ఒక్కటే వాడితే ఉత్తుత్తి ఆవిరి కంటే మెరుగని రుజువు కాలేదు.

ఈ అంకెలను రెండు వైపుల నుంచీ చదవాలి. కలిపిన రకానికి నిజంగానే కొంత ప్రభావం ఉంది, కాబట్టి ‘అంతా భ్రమ’ అనడం ఇక కుదరదు. అయితే ఏమీ లేని ఆవిరి కూడా దాదాపు సగం దాడుల్లో ఊరట ఇచ్చింది. కొలతలు ఒకటి కాకపోయినా, యాప్‌లో కనిపించిన మెరుగులో ఎంత భాగం మందుది, ఎంత భాగం నమ్మకానిది అన్న అనుమానం ఇక్కడే పుడుతుంది. ఇది అప్పటికప్పుడు దాడిని ఆపే మందుగా చేసిన పరీక్ష. నెలల తరబడి వాడితే ఏమవుతుందో దీనితో తెలియదు.

నెలల తరబడి వాడటం మీద వచ్చిన ఆధారాలు కలవరపెడతాయి. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2021లో 368 మంది దీర్ఘకాల మైగ్రేన్ రోగుల రికార్డులు చూసి, గంజాయి వాడేవారిలో మందుల అతివాడకం వల్ల వచ్చే తలనొప్పి ఉండే అవకాశం ఆరు రెట్లు ఎక్కువని చెప్పారు. ఏది కారణమో ఏది ఫలితమో ఆ అధ్యయనం తేల్చలేదు. మరోవైపు, ఈ అతివాడకపు తలనొప్పికే ఇటలీలోని మొదెనాలో 2012లో జరిగిన చిన్న పరీక్షలో, టీహెచ్‌సీని పోలిన నాబిలోన్ బిళ్ల ఇబుప్రొఫెన్ కంటే మెరుగనిపించింది.

## భద్రత అంటే ఏమిటి

మందుగా వాడాలంటే లోపల ఏముందో, ఎంతుందో, ఇంకేం మందులతో కలుస్తోందో తెలియాలి. మన ఎదుట ఉన్న దారులను ఈ కొలతతో పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది.

- వీధి గంజాయి: టీహెచ్‌సీ ఎంతో తెలియదు, మత్తు కోసమే పెంచిన సరుకు. పరీక్షలో వాడిన రకంలో సీబీడీ దాదాపు రెట్టింపు, ఇక్కడ ఆ పాళ్లకు హామీ లేదు. దగ్గర ఉంటేనే నేరం.
- గంజాయి చాక్లెట్లు: హైదరాబాద్ పరిసరాల్లో ‘ఆయుర్వేదం’ పేరు తగిలించినవి కూడా పట్టుబడ్డాయి. తిన్నాక ప్రభావం కనబడటానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. ఏమీ కాలేదని రెండోది తినడం వల్లే ఎక్కువ ప్రమాదాలు.
- ఆకు సారం చుక్కలు: చీటీ మీద చట్టబద్ధం. మైగ్రేన్ మీద శాన్‌డియాగో తరహా పెద్ద పరీక్ష వీటికి జరగలేదు.
- ప్రామాణిక మందులు: దాడికి నాప్రోక్సెన్, సుమట్రిప్టాన్, రైజట్రిప్టాన్. రాకుండా ఆపడానికి ప్రొప్రనలాల్, అమిట్రిప్టిలిన్, ఫ్లునారిజిన్, టోపిరమేట్. మోతాదు, లాభం, హాని అన్నీ రాసిపెట్టి ఉన్నాయి. చాలావరకు చవకైనవే.

సీసా చేతిలోకి తీసుకుంటే చూడాల్సినవి నాలుగు: ఆయుష్ తయారీ లైసెన్సు నంబరు, ఒక మిల్లీలీటరులో టీహెచ్‌సీ, సీబీడీ ఎన్ని మిల్లీగ్రాములు, బ్యాచి నంబరు, గడువు తేదీ. టీహెచ్‌సీ అంకె లేకుండా ‘సంపూర్ణ సారం’ అని మాత్రమే రాసి ఉంటే ఆ సీసా మోతాదు చెప్పనట్టే.

మిగతా మందులతో కలయిక ఇంకో చిక్కు. వాల్‌ప్రోయేట్ వాడేవారికి ఎక్కువ మోతాదు సీబీడీ తోడైతే కాలేయ ఎంజైములు పెరుగుతాయి. టోపిరమేట్ స్థాయి రక్తంలో పెరగవచ్చు. వార్ఫరిన్ వాడేవారికి రక్తస్రావ ప్రమాదం ఉంది. అమిట్రిప్టిలిన్‌తో టీహెచ్‌సీ కలిస్తే మగతా గుండెదడా ఎక్కువవుతాయి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పాతికేళ్ల లోపువారు, ఇంట్లో ఎవరికైనా తీవ్రమైన మానసిక జబ్బు ఉన్నవారు, గుండెజబ్బు ఉన్నవారు టీహెచ్‌సీకి దూరంగా ఉండాలన్నదానిలో వైద్యులకు పెద్దగా భేదాభిప్రాయం లేదు. తీసుకున్నాక లారీ, ట్రాక్టరు, బండి నడపకూడదు. రోజూ వాడి ఒక్కసారి మానేస్తే వచ్చే లక్షణాల్లో తలనొప్పి కూడా ఒకటి.

## నిజామాబాద్‌లో లెక్క వేరు

కొలత తెలియని మత్తుమందు ఊళ్లను ఏం చేస్తుందో ఈ జిల్లాకు ఒకరు చెప్పనక్కర్లేదు. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లు మీద ఎక్సైజ్ దాడులు పెరిగి సరఫరా ఆగాక, నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందల మంది వణుకు, ఫిట్స్, పిచ్చి ప్రేలాపనలతో ఆసుపత్రులకు చేరారు. ఆ కల్లులో కలిపింది అల్‌ప్రాజొలాం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటివి. తాగినవాళ్లకు తాము మందుకు అలవాటు పడ్డామన్న సంగతే తెలియదు. ఇవాళ రోజూ కల్లు తాగే మనిషి తలనొప్పికి గంజాయి చుక్కలు మొదలుపెడితే, వైద్యుడి చీటీ మీద లేని ఇంకో మత్తుమందు లోపల ఉండే వీలుంది. అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

రెండోది బిళ్లల సంగతి. ఎర్గోటమిన్, కెఫీన్, పారాసిటమాల్, ప్రోక్లోర్‌పెరజీన్ నాలుగూ కలిసిన మైగ్రేన్ బిళ్ల చీటీ లేకుండానే దొరుకుతోంది. ఇలాంటి మిశ్రమాలను నెలకు 10 రోజులు, ఉత్త నొప్పి బిళ్లలను 15 రోజులు, మూడు నెలలకు పైగా వాడితే ఆ బిళ్లలే తలనొప్పి తెప్పిస్తాయి. ‘ఏ మందూ పనిచేయట్లేదు, ఇక గంజాయే దిక్కు’ అనేవారిలో కొందరికి అసలు జబ్బు ఇదే కావచ్చు. క్యాలెండరులో నొప్పి వచ్చిన రోజుకు ఒక గుర్తు, బిళ్ల వేసుకున్న రోజుకు ఇంకో గుర్తు పెడితే మూడు నెలల్లో సంగతి బయటపడుతుంది.

మూడోది ప్రయాణాలు. ఆర్మూరు, జక్రాన్‌పల్లి ప్రాంతం నుంచి గల్ఫ్‌కు పోయేవారి సంఖ్య తక్కువ కాదు. యూఏఈ, సౌదీలో గసగసాలే నిషేధం. ఇక్కడ చీటీ మీద కొన్న ఆకు సారం సీసా అక్కడి విమానాశ్రయంలో మాదకద్రవ్యమే అవుతుంది. అమెరికాలో ఉన్నవారి ఇబ్బంది ఇంకో రకం. రాష్ట్రం అనుమతించినా గంజాయి వాడకం కేంద్ర చట్టం కింద ఉల్లంఘనేననీ, పౌరసత్వ దరఖాస్తులో మంచి నడవడికకు అడ్డు కావచ్చుననీ 2019 ఏప్రిల్‌లో అక్కడి వలస విభాగం స్పష్టం చేసింది.

సరఫరా వైపు చూసినా వైద్యం మాట అందనంత దూరంలో ఉంది. 2021 చివర్లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు మొదలుపెట్టిన ఆపరేషన్ పరివర్తనలో విశాఖ ఏజెన్సీలో ఏడు వేల ఎకరాలకు పైగా గంజాయి తోటలు నరికేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర రెండు లక్షల కిలోలు తగలబెట్టారు. ఆ సరుకులో ఏ మొక్కలో ఏ రసాయనం ఎంతో కొలిచి పెంచింది కాదు. 2018లో ఉత్తరాఖండ్ అనుమతించిన 0.3 శాతం లోపు టీహెచ్‌సీ సాగు వేరే పంట, దాని ముఖ్య అవసరాలు నార, గింజ.

## ఇంకా తేలనివి

దాడిని ఆపడానికి ఒకసారి వాడితే మేలున్నట్టు కనిపించిన మిశ్రమం, నెలకు నాలుగైదు దాడులు వచ్చే రోగిలో ఏళ్ల తరబడి అలాగే పనిచేస్తుందా? పీల్చేదానికి వచ్చిన ఫలితం నాలుక కింద వేసుకునే చుక్కలకు వస్తుందా? సుమట్రిప్టాన్ లాంటి ట్రిప్టాన్ మందుతో ముఖాముఖి పోటీలో గంజాయి ఎక్కడ నిలుస్తుంది? ఆరా ఉన్నవారికి పక్షవాతం ముప్పు మామూలుగానే కాస్త ఎక్కువ, వారిలో గంజాయి దాన్ని పెంచుతుందా? మన ఆకు సారాల్లో బ్యాచికీ బ్యాచికీ బలం ఒకటేనా? ఈ ప్రశ్నలకు జవాబు మన దేశంలోని ఆసుపత్రుల్లో, మన రోగుల మీద జరిగే పరీక్షల నుంచే రావాలి. జమ్మూలోని సీఎస్‌ఐఆర్ సంస్థ లైసెన్సుతో గంజాయి మీద పరిశోధన చేస్తోంది, కాబట్టి చట్టం పూర్తిగా అడ్డన్న మాట సరికాదు.

అప్పటిదాకా వరుసక్రమం స్పష్టంగానే ఉంది. హఠాత్తుగా పిడుగుపాటులా వచ్చే నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకుపోవడం, కాలుచేయి పడిపోవడం, యాభై దాటాక తొలిసారి వచ్చే తలనొప్పి ఉంటే వెంటనే ఆసుపత్రికి పోవాలి. అవేవీ లేకుండా మైగ్రేన్ తరచూ వేధిస్తుంటే ముందు బిళ్లల లెక్క చూసుకోవాలి. తరువాత నివారణ మందును సరైన మోతాదులో రెండు మూడు నెలలు వాడి చూడాలి. ఇది నిజామాబాద్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి స్థాయిలో జరగగల వైద్యమే. ఒకదాని తరువాత ఒకటి నివారణ మందులు విఫలమైతే నరాల వైద్యుడి దగ్గరకు పోవాలి. ఆకు సారం గురించి అడగదలిస్తే అప్పుడు, వాడే మందులన్నీ, కల్లు సహా, ముందుపెట్టి అడగాలి. వీధి గంజాయికి ఈ వరుసలో ఏ మెట్టు మీదా చోటు లేదు. కారణం చట్టం ఒక్కటే కాదు, అందులో ఎంత మందు ఉందో అమ్మినవాడికీ తెలియదు.